గోతిలోనుండి వచ్చిన గురువు గ్రెగోరీ

హైదరాబాదులో ఉప్పుగూడ దగ్గర పాత అర్మీనియనుల సమాధులున్నవి. పదిహేడవ శతాబ్దములో మన మచిలీబందరుకును, గోల్కొండకును వర్తకమునకై వచ్చిన జాతి అది. వారు తమ విశ్వాసమునకు తండ్రిగా ఎంచు గ్రెగోరీ చరిత్రను మన హుజూర్‌నగర్ సంఘస్తులు కూడ వినవలెనని మా కోరిక.

గ్రెగోరీ తండ్రి అనాకు అర్మీనియా రాజును వధించెనని అచటి పాత చరిత్ర చెప్పుచున్నది. అందుకు ప్రతిగా ఆ కుటుంబమంతయు హతమాయెను. పసివాడైన గ్రెగోరీని మాత్రము కప్పదొకియలోని కైసరయకు తప్పించిరి. అక్కడ అతడు క్రైస్తవుడుగా పెరిగెను, వివాహమాడెను, ఇద్దరు కుమారులను కనెను. పిమ్మట, తన తండ్రి చంపిన రాజు కుమారుడైన తిరిదాతు కొలువులోనే చేరెను. తండ్రి చేసిన పాపపు అప్పు తీర్చుటకే వెళ్లెనని మేము తలంచుచున్నాము. లేనియెడల ఎవడు పోవును అటువంటి చోటికి?

అనాహితు దేవతకు పూలదండలు అర్పించుమని రాజు ఆజ్ఞాపించగా గ్రెగోరీ ఒప్పుకొనలేదు. ఎన్నో హింసలు పెట్టిరి. అతడు ఎవరి కుమారుడో తెలిసిన పిమ్మట రాజు కోపము రెట్టింపై, ఆర్తాషాతులోని లోతైన గోతిలో పడవేయించెను. అందులో పదమూడేండ్లు! మన పొలములలో ఎండిపోయిన మోటబావి అడుగున ఒక్క రాత్రి గడుపుటను ఊహించి చూడుడి. ఒక విధవరాలు దినదినము పైనుండి రొట్టె పడవేసెనట. ఆ పేదరాలిని గూర్చి ఎక్కువగా చెప్పుకొనరు గాని, ఆమె లేనిదే గ్రెగోరీ లేడు.

తరువాత రాజు, హ్రిప్సిమే అను కన్యకను ఆమె సహవాసులతో కూడ చంపించి, మతి చెడి అడవిపంది వలె తిరుగసాగెను. రాజు చెల్లెలు కన్న కలను బట్టి గ్రెగోరీని త్రాళ్లతో పైకి లాగిరి. అతడు మొదట హతసాక్షుల దేహములను సమాధి చేసి, ఆ పిమ్మట తన్ను గోతిలో వేసినవాని కొరకే ప్రార్థించెను. రాజు స్వస్థుడై బాప్తిస్మము పొందెను. 301లో అర్మీనియా క్రైస్తవ రాజ్యమైనదని వారి లెక్క; కొందరు పండితులు 314 అందురు.

యాత్రికులు నేటికిని ఆ గోతిలోనికి ఇనుప నిచ్చెన మీదుగా దిగుదురు. లోతు సుమారు 6 మీటర్లు. ఖోర్ విరాప్ అను ఆ మఠపు పేరునకు అర్థమే లోతైన గొయ్యి. దాని ఎదుట మంచుతో కప్పబడిన అరారాతు పర్వతము కనబడును. నోవహు ఓడను తలంపక దానిని ఎవరు చూడగలరు? అయితే ఆ కొండ ఇప్పుడు సరిహద్దు ఆవల టర్కీ దేశములో నున్నది. కొండను తొలిచి కట్టిన గెగార్డు మఠమును గ్రెగోరీయే స్థాపించెనని చెప్పుదురు. ఇప్పటి పెద్ద దేవాలయము మాత్రము 1215 నాటిది. ఎచ్మియాద్జిను కతీడ్రలు ఆయన చూచిన దర్శనమును బట్టి కట్టబడినదట.

వృద్ధాప్యములో ఆయన బిషప్పు పదవిని కుమారుడైన అరిస్తాకేసుకు అప్పగించెను. 325లో నీకయ సభకు వెళ్లినది ఆ కుమారుడే. గ్రెగోరీ సెపూహు కొండ గుహలలో ఒంటరిగా నివసించి మరణించెను. గొఱ్ఱెల కాపరులు ఆ దేహమును చూచి, ఎవరిదో తెలియకయే పాతిపెట్టిరట.