జాన్ రస్కిన్: వెలుగునీడల ఉపాధ్యాయుడు

గాంధీమహాత్ముని ఆత్మకథ చదివినవారికి జాన్ రస్కిన్ పేరు క్రొత్తది కాదు. 1904లో జోహన్నెస్‌బర్గు నుండి డర్బనుకు రైలులో పోవుచు మహాత్ముడు చదివి, 1908లో ‘సర్వోదయ’మను పేర గుజరాతీలో సంగ్రహించిన గ్రంథము ఆయనదే. ఆ రస్కిన్ పనివాండ్రకు పెన్సిలు పట్టుట నేర్పిన ఉపాధ్యాయుడని మనలో నెరిగినవారు మాత్రము తక్కువ.

ఆయన 1819లో లండను నగరమున ధనికుడగు ద్రాక్షసారా వర్తకునికి ఏకైక పుత్రుడుగా జన్మించెను. 1843లో చిత్రకళపై ఉద్గ్రంథము ప్రారంభించి కీర్తి గడించెను. 1854లో లండనున శ్రామికుల కళాశాల నెలకొల్పబడగా, పగలెల్ల పనిచేసి అలసి వచ్చినవారికి సాయంసమయములందు ఉచితముగ చిత్రలేఖనము బోధింప బూనెను.

ప్రకృతిలో గీత యనునది లేదనియు, కంటికి కానవచ్చునవి వెలుగునీడల మచ్చలే యనియు ఆయన మతము. కావున 1857లో ప్రకటించిన బోధనాగ్రంథమున మొదటి పాఠములో బొమ్మయే లేదు. చిన్న చదరము గీచి, కలముతో సన్నని గీతల నల్లి, ఎచ్చటను హెచ్చుతగ్గులు లేని ఒకే ఛాయతో దానిని నింపవలెను. పలుచబడినచోట చుక్కలు పెట్టవలెను. నల్లబడినచోట చాకుమొనతో గీకవలెను. చూచుటకు సులభమే, చేయబూనినవానికే దాని కష్టము తెలియును. పిదప నలుపునుండి తెలుపునకు మెట్టు కానరాకుండ ఛాయను పలుచన చేయుట. ఆపైన అదియే పెన్సిలుతో. అటుపిమ్మట త్రోవలో దొరికిన గుండ్రని రాయి నొకదానిని కిటికీచెంత నుంచి గీయవలెను. రాతి నీడవైపునకు సయితము క్రిందనుండి వెలుగు తిరిగివచ్చి సోకునని అప్పుడుగాని విద్యార్థికి తెలియదు. ఛాయల తారతమ్య మెరుగుటకు, తెల్లని అట్టముక్కకు బఠానీగింజంత రంధ్రము చేసి దానిగుండ చూడుమనెడివాడు.

వడ్రంగిని చిత్రకారునిగా మార్చుట తన యాశయము కాదనియు, వడ్రంగిగనే అతడు మరింత సంతోషముగ నుండవలెననియు 1857లో ఒక విచారణసంఘము నెదుట ఆయన తెలిపెను. తమాషా యేమనగా, ఆ తరగతికి వచ్చిన జార్జి అల్లెన్ అను వడ్రంగి ఉలిని విడిచి రస్కిన్‌కు సహాయకుడై, ఆయన గ్రంథములకు చిత్రఫలకములు చెక్కి, 1871 నుండి వాటికి ప్రకాశకుడయ్యెను. పుస్తకముల కట్టలు కెంటు పరగణాలోని అతని ఇంటినుండియే బయలుదేరెడివి.

1871లోనే రస్కిన్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చిత్రలేఖన పాఠశాలను స్థాపించి, దానికి 5,000 పౌనుల నిధి నొసంగెను. తుదిదశలో మతిస్తిమితము తప్పి, చాలకాలము మౌనముగ గడిపి, 1900 జనవరి 20వ తేదీన కోనిస్టన్ సరస్సు గట్టునగల స్వగృహమున దివంగతుడయ్యెను. అప్పటికిని ఆయన గ్రంథములను ప్రకటించుచుండినవాడు ఆ వడ్రంగియే.