పక్షిలోక పరిశోధకుడు డాక్టర్ సాలిం అలీ

భారతదేశంలో పక్షిశాస్త్రమనగానే స్ఫురించే నామధేయం డాక్టర్ సాలిం అలీ. ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలుని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన సతీమణి హమీదా బేగం కన్నబిడ్డవలె పెంచారు.

బాల్యంలో ఒకనాడు ఆయన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని కంఠంపై పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అదే పిట్టయో తెలుసుకోవాలని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి తీసుకొని వెళ్లారు. కార్యదర్శి మిల్లార్డ్ దాని పేరు చెప్పి, సంఘం భద్రపరచిన పక్షుల నమూనాలను చూపించారు. వేట సరదా విద్యాతృష్ణగా మారడానికి అదే నాంది.

అయితే ఆ తృష్ణ జీవనోపాధి చూపలేదు. కళాశాల చదువు ఒడిదుడుకులతో సాగింది. బర్మాలో చేసిన వ్యాపారం కలిసిరాలేదు. విశ్వవిద్యాలయ పట్టం లేని కారణంగా కోరుకున్న ప్రభుత్వోద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో ఉపన్యాసకునిగా చేరి, అనంతరం బెర్లిన్ వెళ్లి ప్రొఫెసర్ స్ట్రెసెమన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరతచే ఆ కొలువు కూడా రద్దయింది.

1918లో ఆయనను వివాహమాడిన తెహ్మినా బేగం ఈ విపత్సమయంలో అండగా నిలిచారు. దంపతులు అలీబాగ్ సమీపాన కిహిం అనే సముద్రతీర గ్రామంలోని ఇంటికి చేరారు. అక్కడి చెట్లకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతుండగా, నిరుద్యోగి అయిన సాలిం అలీ వర్షకాలమంతా వాటిని ఓపికతో పరిశీలించారు. మగపక్షి గూటిని సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితే ప్రవేశిస్తుంది. అప్పుడే మగది గూటిని పూర్తిచేసి, మరొక ఆడపక్షి కోసం మరొక గూడు ప్రారంభిస్తుంది. నచ్చని గూళ్లు అసంపూర్తిగా వ్రేలాడుతుంటాయి. 1931లో ప్రచురితమైన ఈ పరిశీలన ఆయనకు శాస్త్రజ్ఞులలో గుర్తింపు తెచ్చింది. అందరూ చూచే పిట్టలోనే ఎవరూ గమనించని సత్యం దాగియుండెను!

ఆ సంవత్సరమే నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేపట్టారు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కరలేదన్న షరతుపై ఆయన పనిచేశారు. అడవి బిడారులలో తెహ్మినా బేగం వెంట ఉన్నారు. ఆ యాత్రలో ఆయన కృష్ణకు ఆవలనున్న అమ్రాబాద్ కొండలలో, ఫర్హాబాద్ వద్ద కూడా పక్షులను పరిశీలించారు. అవి మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు అండగా నిలిచిన నల్లమలలోని భాగమే.

1939లో ఆ సహధర్మచారిణి శస్త్రచికిత్సానంతరం మరణించారు. సాలిం అలీ మరల వివాహమాడలేదు. దుఃఖాన్ని దిగమ్రింగి పనిలో నిమగ్నులయ్యారు. 1941లో భారతీయ పక్షులపై ఆయన వ్రాసిన గ్రంథం సామాన్యులకు సైతం పక్షులతో పరిచయం కల్పించింది. డిల్లన్ రిప్లీతో కలిసి 1968 నుండి 1974 వరకు పది సంపుటాల మహాగ్రంథాన్ని వెలువరించారు. పట్టం లేదని ఒకనాడు త్రోసివేయబడిన వానికి 1958లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటునిచ్చింది. అదే ఏట పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయిన ఆయన 1987 జూన్ 20న పరమపదించారు.

ఆ మహనీయుని విద్యకు మన ముంగిటనే ఒక పాఠశాల ఉన్నది. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. సెలవులలో కుటుంబసమేతంగా ఆ కట్టపైకి వెళ్లే విద్యార్థులు ఒక కలమూ, చిన్న పుస్తకమూ వెంట తీసుకొనిపోవాలి. ఏ పక్షి ఎక్కడ, ఏ వేళ, ఏమి చేయుచున్నదో తేదీతో సహా వ్రాసికొనవలెను. నీటి అంచున గిజిగాని గూళ్లు కనిపిస్తే పూర్తయినవెన్ని, సగంలో ఆగినవెన్ని లెక్కించవలెను. ఇందుకు పట్టం అక్కరలేదు, కొలువు అక్కరలేదు. కావలసినది ఓపిక ఒక్కటే.