గీతలో గోదారి

పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గేస్తుంటే మా అమ్మాయికి ఒక సందేహం వచ్చింది. గళ్ళ ముగ్గు కదలకుండా కూర్చున్నట్టుంటుంది, మెలికల ముగ్గేమో పాకుతున్నట్టుంటుంది, ఎందుకని? రెండూ ఒకే పిండితో వేసినవే కదా! జవాబు వెతుక్కుంటుంటే నాకు దామెర్ల రామారావు గుర్తొచ్చారు.

కొన్నేళ్ళ కిందట చుట్టాల పెళ్ళికి రాజమండ్రి వెళ్ళినప్పుడు, ఆయన పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీ చూశాను. అరగంటలో వచ్చేద్దామని వెళ్ళినదాన్ని, పెళ్ళి భోజనాల వేళ దాటిపోయినా కదల్లేకపోయాను.

రామారావు 1897 మార్చి 8న పుట్టారు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతివాటం కనిపెట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడానికి తోడ్పడ్డారు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో మనిషి ఒంటి తీరు గీయడం నేర్చుకున్నారు. దానికి అజంతా గీతలోని ఒయ్యారాన్ని జోడించారు. తిరిగొచ్చి సొంతూళ్ళోనే చిత్రకళ బడి పెట్టారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో, ఋష్యశృంగుడి కథ మీద వేసిన బొమ్మకు బహుమతి వచ్చింది.

ఆయన బొమ్మల్లో మనుషులు నిలబడి ఉన్నా కదులుతున్నట్టే ఉంటారు. కిటుకేమిటో మన ఇంట్లోనే చూడొచ్చు. నిలువు గీత గుంజలా నిలబడుతుంది. అడ్డగీత పడుకుంటుంది. ఏటవాలు గీత పడబోతున్నట్టు తొందరపెడుతుంది. వంపు గీత కంటిని వెంట తీసుకుపోతుంది. మెడ వంపు, భుజం వాలు, కొంగు జారుడు ఒకదాన్నొకటి అందుకుంటే బొమ్మకు నడక వస్తుంది. ఇక రంగులు! ఎరుపు, పసుపు ముందుకొచ్చి పలకరిస్తాయి. నీలం వెనక్కి తగ్గి మనసును నెమ్మదింపజేస్తుంది. పెళ్ళి చీరకూ, మబ్బు పట్టిన సాయంత్రానికీ ఉన్న తేడా అదే.

ఆయన గోదావరినీ గీశారు. ఆ మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా ఆసిఫాబాద్ పెద్దవాగు నీళ్ళు ప్రాణహితలో పడతాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే ఆయన చూసిన నీళ్ళల్లో మా ఊరి నీళ్ళూ ఉన్నట్టే!

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ జబ్బు లోకం నుంచే పోయిందని ప్రకటించడానికి ఇంకా యాభై అయిదేళ్ళు పట్టింది.

అసలు కథ నాకు అక్కడే మొదలైందనిపిస్తుంది. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. ఆడపిల్ల కుంచె పట్టడమే వింతయిన రోజులవి. వాళ్ళూ, మిత్రుడు వరదా వెంకటరత్నం గారూ ఆ కళను ఆరిపోనివ్వలేదు. వాళ్ళు పట్టించుకోకపోతే నేనా రోజు చూడటానికి ఏం మిగిలేది?

నా సంగతి చెప్పనా? చదువుకునే రోజుల్లో నేనూ బొమ్మలు వేసేదాన్ని. పెళ్ళయ్యాక రంగుల డబ్బా అటక మీదికి పోయింది. ఎవరూ వద్దనలేదు, నేనే తీరిక లేదనుకున్నాను. మొన్న ఆదివారం దించితే రంగులన్నీ ఎండి గట్టిపడ్డాయి. అయితేనేం, మా అమ్మాయి పెన్సిలు తీసుకుని ఇద్దరం పెద్దవాగు ఒడ్డుకెళ్ళాం. నేను గీసిన నీళ్ళు మొదట కదల్లేదు. నాలుగో కాగితం మీద కొంచెం కదిలాయి.

మీ అటక మీద ఏముందో ఒకసారి చూడండి.