గిన్నెల మధ్య దేవుని రాజ్యం



దేవుని రాజ్యం ఎప్పుడు వస్తుందని పరిసయ్యులు అడిగినప్పుడు, అది ఇక్కడుంది, అక్కడుంది అని చూపించగలిగేది కాదని, అప్పటికే వారి మధ్య ఉన్నదని ప్రభువు చెప్పినట్టు లూకా సువార్త 17వ అధ్యాయంలో చదువుతాం. మన బైబిలులో ‘మధ్య’ అని ఉన్న గ్రీకు మాటకు ‘లోపల’ అనే అర్థం కూడా ఉంది. ఏ అర్థం తీసుకున్నా సంగతి ఒక్కటే. రాజు ఎక్కడ ఉంటే రాజ్యం అక్కడ ఉంటుంది. ఆ రాజును లోపల ఉంచుకుని బ్రతకడం ఎలాగో, ఒక వంటవాని జీవితం నుండి ఈ వారం నేర్చుకుందాం.

ఆయన అసలు పేరు నికొలస్ హెర్మన్. 1614 ప్రాంతంలో లొరేన్ సీమలోని ఒక పల్లెలో పుట్టాడు. అది నేడు ఫ్రాన్స్ దేశంలో ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో, ఒక చలికాలాన, ఆకులు రాలి మోడుగా నిలిచిన చెట్టును చూశాడు. కొద్దికాలంలో దానికి మళ్లీ చిగుళ్లు, పూలు, కాయలు వస్తాయన్న ఆలోచన కలిగింది. దేవుని శక్తి, ఆయన పోషణ అప్పుడు ఆ యువకుని హృదయానికి తెలిశాయి.

అంతటితో బ్రతుకు చక్కబడలేదు. ముప్పై సంవత్సరాల యుద్ధంలో సైనికుడయ్యాడు. గూఢచారి అన్న అనుమానంతో శత్రువులు పట్టుకుంటే ఉరికంబం నుండి తప్పించుకున్నాడు. 1635లో తగిలిన గాయం జీవితాంతం కుంటివానిగా చేసింది. తరువాత ఒక ధనవంతుని ఇంట సేవకునిగా చేరాడు. చేతికొచ్చిన వస్తువునల్లా పగలగొట్టే మొరటువాణ్ణని తన గురించి తానే చెప్పుకునేవాడు.

1640లో ప్యారిస్‌లోని కర్మెలు మఠంలో చేరి, సహోదరుడు లారెన్స్ అయ్యాడు. తన మొరటుతనానికి అక్కడ తగిన శిక్ష దొరుకుతుందని అనుకుంటే, దేవుడు ఆ లెక్క తప్పించి సంతోషాన్నిచ్చాడని తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పేవాడు. అయితే ఆ సంతోషం వెంటనే రాలేదు. సుమారు పదేళ్లు ఆయన లోపల చీకటే. తన పాపాలే కళ్లముందు నిలిచేవి. వాటిలో నాలుగేళ్లు తాను నశించిపోతానన్న భయం వదల్లేదు.

ఆ భయం వాదనతో పోలేదు. తన గతి ఏమైనా సరే, బ్రతికినన్నాళ్లు దేవుని ప్రేమ కొరకే ప్రతి పనీ చేద్దామని తీర్మానించుకున్నాడు. తనను తాను కొలుచుకోవడం మానేశాక సమాధానం దొరికింది.

మఠంలో ఆయనకు అప్పగించిన పని వంట. స్వభావసిద్ధంగా అది ఆయనకు బొత్తిగా ఇష్టం లేని పని. అయినా సుమారు పదిహేనేళ్లు చేశాడు. పెనం మీద అట్టు తిప్పినా, నేల మీద పడిన గడ్డిపుల్ల తీసినా దేవుని కొరకే. ద్రాక్షారసం కొనుక్కురావడానికి దూర ప్రాంతాలకు పంపితే, కుంటికాలితో పడవలో నడవలేక పీపాల మీద దొర్లుతూ వెళ్లేవాడు. ఆ పని కూడా దేవునిదేనని ఆయనకే చెప్పుకుని ముగించేవాడు. తరువాత చెప్పులు కుట్టే పనికి మారినా ఇదే పద్ధతి. ప్రార్థన వేళకూ పని వేళకూ ఆయనకు తేడా లేకపోయింది.

తప్పిపోయినప్పుడు ఏం చేసేవాడు? నన్ను నాకు వదిలేస్తే నేను చేసేది ఇంతే ప్రభువా అని ఒప్పుకుని, క్షమాపణ అడిగి, దాన్నే తలచుకుని కుమిలిపోకుండా మళ్లీ పనిలోకి వెళ్లేవాడు.

1691 ఫిబ్రవరి 12న ఆయన మరణించాడు. ఆయన సంభాషణలను, ఉత్తరాలను జోసెఫ్ దె బ్యూఫోర్ట్ అనే పాదిరి సేకరించి ప్రచురించకపోతే ఆ వంటవాని పేరు మనకు తెలిసేదే కాదు.

లారెన్స్ రోమన్ కతోలిక సన్యాసి. మఠజీవితం మన సంఘాల మార్గం కాదు. దేవుని ఎదుట మనం నీతిమంతులమయ్యేది క్రీస్తునందలి విశ్వాసం వల్లనే గాని మన తీర్మానాల వల్ల కాదు. ఆ విశ్వాసమున్న మనమే మరి రాజును ఆదివారం ఉదయానికి పరిమితం చేస్తున్నామేమో ఆలోచించాలి. ప్రేమవిందు రోజున గుడి వెనుక పొయ్యి దగ్గర నిలబడిన అక్కలు, ఈ వారం ఆరాధన దక్కలేదని బాధపడుతుంటారు. దక్కిందని వారికి చెప్పవలసిన మేము, దేవుని గురించి ఈ పుటలు నింపే తొందరలో ఆ దేవునినే గంటల తరబడి మరచిపోయిన రోజులున్నాయి. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాం.

దేవుని రాజ్యం తినడం త్రాగడంలో లేదని, నీతిలోను సమాధానంలోను పరిశుద్ధాత్మ ఇచ్చే ఆనందంలోను ఉందని పౌలు రోమీయులకు బోధించాడు. తిండి వండడంలోనే సుమారు పదిహేనేళ్లు గడిపిన ఒక కుంటివాడు ఆ మూడింటినీ పొందాడు. ఏ ప్రత్యేకమైన అనుభూతి కోసమూ కనిపెట్టుకుని కూర్చోక, చేతిలో ఉన్న పనితోనే మొదలుపెట్టాడు.

రేపు ఉదయం మన చేతికి వచ్చే మొదటి పనిలోనే రాజును జ్ఞాపకం చేసుకొనే కృప ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.