డ్రిల్ మాస్టారు రహీమ్ రెజ్యూమె

మొఘల్‌పురా నుంచి చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదుగా మదీనా సెంటర్ దాకా వచ్చి ఎడమకు తిరగండి. హైకోర్టు దాటాక సిటీ కాలేజీ వస్తుంది. అడ్మిషన్ కోసమో, ఎగ్జామ్ సెంటర్ పడితేనో మీలో కొందరు ఆ గేటు లోపలికి వెళ్లే ఉంటారు. ఒకప్పుడు ఆ కాలేజీలో చదువుతున్న కుర్రాళ్లు, చదువైపోయి బయటికొచ్చినవాళ్లు కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. పేరు ఎలెవెన్ హంటర్స్. ఆ జట్టులో ఆడిన ఒకాయన తర్వాత భారత జట్టుకు కోచ్ అయ్యారు. రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చాక ఈ పేరు మళ్లీ అందరి నోళ్లలో నానింది.

సినిమా సంగతి పక్కన పెడదాం. ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఆయన పతకాల కంటే ఆయన రెజ్యూమె ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. చదివింది ఉస్మానియాలో ఆర్ట్స్ డిగ్రీ. (ఇప్పుడు మనం సెల్ఫీలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గానీ తయారవలేదు, అది ఆయన చూసిన క్యాంపస్ కాదు.) యూనివర్సిటీ జట్టులో మంచి ఆటగాడిగా పేరుంది. బయట ఎలెవెన్ హంటర్స్‌కీ ఆడారు. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లిన మీ సీనియర్లను అడగండి. అక్కడ యూనివర్సిటీ ఎంపిక చేసి, కోచ్‌ని పెట్టి, స్కాలర్‌షిప్ కూడా ఇచ్చి ఆడించేది 'వర్సిటీ' జట్టు. స్టూడెంట్లే చందాలు వేసుకుని నడుపుకునేది 'క్లబ్' జట్టు. మనవాళ్లు క్రికెట్ ఆడేది ఎక్కువగా ఈ రెండోదాంట్లోనే. రహీమ్ కాలంలో ఇక్కడ ఆ పేర్లు లేవు కానీ రెండు దారులూ ఉన్నాయి, ఆయన రెండింట్లోనూ నడిచారు.

డిగ్రీ అయ్యాక? టీచర్ ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్‌తో మొదలుపెట్టి, ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ స్కూళ్లలో పనిచేశారు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. ఆ ఒక్క సర్టిఫికెట్‌తో క్లాస్‌రూమ్ నుంచి గ్రౌండ్‌లోకి వచ్చేశారు. మన భాషలో చెప్పాలంటే డ్రిల్ మాస్టారు, పీఈటీ. కోచ్‌లను తయారుచేసే పటియాలా ఎన్‌ఐఎస్ 1961లో మొదలైంది. అప్పటికి ఈ డ్రిల్ మాస్టారు పదేళ్లుగా దేశం జట్టుకు ఆట నేర్పుతున్నారు!

1940లలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. ఫైళ్లు, ఫిక్స్చర్లు, ఉత్తరాలు... చూడ్డానికి బోరు పని. కానీ ఆయన ఆలోచనలకు ల్యాబ్ దొరికింది అక్కడే. డ్రిబ్లింగ్ చేయకూడదన్న రూల్‌తో టోర్నమెంట్లు పెట్టారు. బంతి కాలికి తగిలిందా, వెంటనే పాస్ ఇచ్చేయాలి. మీకు అలవాటు లేని కాలితోనే గోల్ కొట్టాలి అని ఇంకో పోటీ. లూప్ వాడకుండా ప్రోగ్రాం రాయమని ఇంటర్వ్యూలో అడుగుతారు చూడండి, అలాంటిదే. తెలిసిన దారి మూసేస్తే బుర్ర ఇంకో దారి వెతుకుతుంది. మన ఆటగాళ్లకు ఒంటరిగా బంతిని నడిపించే అలవాటు ఎక్కువని, దేహబలం ఉన్న విదేశీ జట్ల ముందు అది నిలవదని ఆయన ముందే కనిపెట్టారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. ఇక్కడ మీరు గమనించాల్సింది ఇంకోటుంది. ఆ జట్టులో చోటంటే పోలీసు ఉద్యోగం కూడా. ఓల్డ్ సిటీ కుర్రాడికి ఆటే అన్నం పెట్టింది. ఇవాళ నోటిఫికేషన్లలో స్పోర్ట్స్ కోటా అని ఒక లైన్ చూసి దాటేస్తుంటాం కదా, ఆ లైన్ మీదే ఇళ్లు నడిచిన రోజులవి.

డబ్బుల్లేక ఆగిపోయే కుర్రాళ్లను ఆయన వదల్లేదు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాంకి ప్రాక్టీస్ కోసం రోజూ హైదరాబాద్ వచ్చే స్తోమత లేదు. సైకిల్ అద్దెకి డబ్బులిచ్చి రప్పించుకున్నారు రహీమ్. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడాడు.

అంతా గెలుపే అనుకోకండి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆట పద్ధతి మారింది. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్ చేరారు. అక్కడ మళ్లీ అదే యుగోస్లావియా. ముందు గోల్ మనదే. చివరికి 4-1తో ఓడాం, నాలుగో స్థానం దక్కింది. పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్లలో అక్కడిదాకా రావడం నాకైతే పతకం కంటే పెద్దదనిపిస్తుంది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశారు. ఆ ఒలింపిక్స్ జట్టులో రహీమ్ కొడుకు హకీమ్ కూడా ఉన్నారు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయిలాండ్, జపాన్, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని దాటి ఫైనల్‌కొస్తే ఎదురుగా మళ్లీ కొరియానే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. డిఫెండర్‌ని తీసుకెళ్లి గోల్స్ కొట్టే చోట నిలబెట్టడమంటే మాటలా? పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. సెప్టెంబర్ 4న భారత్ 2-1తో గెలిచింది.

ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. రహీమ్ కొన్ని నెలలకే క్యాన్సర్‌తో మంచం పట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. అప్పటికీ హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి ఆయనే.