అలన్ ట్యూరింగ్: తన మనసును కాదనుకోని గణితవేత్త

గంజాం జిల్లా ఛత్రపురం మన సరిహద్దు కుటుంబాలకు తెలియని ఊరు కాదు. 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, ఆ ఏట ఏర్పడిన ఒరిస్సాలో కలిసిన పట్టణమది. 1911లో జూలియస్ ట్యూరింగ్ అనే ఆంగ్ల అధికారి అక్కడ ఉద్యోగం చేసేవారు. అంతకుముందు ఆయన పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలులలో పనిచేశారు. ఆయన భార్య ఎథెల్ సారా మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరు కుమార్తె. కోయంబత్తూరు సమీపంలోని పోదనూరులో జన్మించారు. ఛత్రపురంలో గర్భవతియైన ఆమె ప్రసవానికి ఇంగ్లండు వెళ్లారు. 1912 జూన్ 23న లండనులో జన్మించిన ఆ శిశువే, నేడు మనం వాడుతున్న కంప్యూటర్లకు సిద్ధాంతరీత్యా పునాది వేసిన అలన్ మాథిసన్ ట్యూరింగ్.

ఆయన మేధాశక్తిని గురించి పుస్తకాలు విస్తారంగా చెబుతాయి. ఆయన హృదయాన్ని గురించి మన ఇళ్లలో చెప్పుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ట్యూరింగ్ స్వలింగ ఆకర్షణ కలవారు. అనగా ఆయన మనసు స్త్రీల వైపు గాక పురుషుల వైపు మొగ్గినది. ఇటువంటి మొగ్గు మనిషికి ఎప్పుడు, ఏ విధంగా తెలుస్తుంది? ఒకనాడు హఠాత్తుగా పుట్టుకొచ్చే బుద్ధియా? సహవాస దోషమా? పెళ్లి చేస్తే కుదురుకునేదా? ఈ ప్రశ్నలకు ఆయన జీవితం చాలవరకు సమాధానం చెబుతుంది.

తల్లిదండ్రులు భారతదేశంలో ఉన్నందున అన్న జాన్‌తో కలిసి అలన్ ఇంగ్లండు సముద్రతీరాన ఒక సైనికాధికారి ఇంట పెరిగాడు. 1926లో షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన సమయానికి దేశమంతటా సార్వత్రిక సమ్మె జరుగుతుండగా, సుమారు 60 మైళ్లు సైకిలు తొక్కి బడికి చేరుకున్నాడు. అప్పటికి వయస్సు 13 సంవత్సరాలు. గణితంలో దిట్ట, చేతివ్రాత మాత్రం అధ్వాన్నం, స్నేహితులు బహు తక్కువ.

ఆ పాఠశాలలోనే క్రిస్టఫర్ మోర్కమ్ అనే విద్యార్థి పరిచయమయ్యాడు. అలన్ కంటే ఒక తరగతి పైవాడు. గణితం, రసాయనశాస్త్రం, నక్షత్ర పరిశీలన ఇద్దరినీ దగ్గర చేశాయి. అతని పక్కన కూర్చోవడం కోసం, అతని మెప్పు పొందడం కోసం అలన్ తపించాడు. 1929 డిసెంబరులో ఇద్దరూ కేంబ్రిడ్జిలో విద్యార్థి వేతన పరీక్షలు వ్రాశారు. 1930 ఫిబ్రవరి 13న క్రిస్టఫర్ క్షయవ్యాధితో మరణించాడు. పదిహేడేళ్ల అలన్ హృదయం బ్రద్దలైంది. ఆ పిమ్మట ఏళ్ల తరబడి మిత్రుని తల్లికి ఉత్తరాలు వ్రాస్తూ, వారి ఇంటికి వెళ్లి వస్తూ ఉండేవాడు. చరిత్రకారులు దీనినే ఆయన తొలి ప్రేమగా పరిగణిస్తారు.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉంది. ఆ బాలునికి ఈ మొగ్గును ఎవరూ నేర్పలేదు. పెద్దలెవరూ దానికి పేరు పెట్టి చెప్పలేదు. మనసు ముందుగా మొగ్గింది. మాట తరువాత దొరికింది. 1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలో చేరిన పిమ్మట, అచ్చటి ఉదార వాతావరణంలో తన స్వభావం ఇట్టిదని ఆయన తేటగా గ్రహించి, ఆప్తులైన కొందరి వద్ద దాచడం మానుకున్నారు. తెల్లవారడం ఏ నిమిషాన జరిగిందో చెప్పలేనట్లే, ఈ ఎరుకకు ఒక తేదీ వేయడం కష్టం.

ఆయన శాస్త్రకృషి ఇదే కాలంలో వికసించింది. 1936లో ప్రచురించిన వ్యాసంలో, నియమాలను ఒక్కొక్కటిగా అనుసరిస్తూ ఎటువంటి గణననైనా చేయగల ఊహాయంత్రాన్ని ప్రతిపాదించారు. 1938లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు పొందారు. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడే, 1939 సెప్టెంబరు 4న, బ్లెచ్లీ పార్కులోని రహస్య కార్యాలయంలో చేరారు. జర్మన్ నౌకాదళం ఎనిగ్మా యంత్రంతో పంపే సంకేత సందేశాలను ఛేదించిన బృందానికి నాయకత్వం వహించారు.

అక్కడే పనిచేస్తున్న జోన్ క్లార్క్ అనే గణితవేత్రితో ఆయనకు స్నేహం కుదిరింది. 1941లో ఆమెను వివాహమాడదలచి, ఉంగరం కూడా ఇచ్చారు. అయితే నిశ్చయం జరిగిన కొద్ది రోజులలోనే తన మొగ్గు పురుషుల వైపని ఆమెకు స్వయంగా తెలియజేశారు. ఆమె కోపగించలేదు. కొన్ని నెలలు ఆలోచించి, ఈ పెళ్లి ఆమెకు న్యాయం చేయదని తలచి ఆయనే విరమించుకున్నారు. ఇద్దరూ జీవితాంతం మిత్రులుగా ఉన్నారు. పెళ్లితో అన్నీ సర్దుకుంటాయని నమ్మే పెద్దలు ఈ ఘట్టాన్ని ఆలోచించాలి. సత్యం దాచి తాళి కడితే చెడేది ఒక్క బ్రతుకు కాదు, రెండు బ్రతుకులు.

యుద్ధానంతరం ట్యూరింగ్ కంప్యూటర్ నిర్మాణానికి నమూనా రూపొందించి, 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1952 జనవరిలో ఆయన ఇంట దొంగతనం జరిగింది. తానే వెళ్లి ఫిర్యాదు చేశారు. విచారణలో పోలీసులు అడుగగా, ఒక యువకునితో తనకు గల సంబంధాన్ని దాచకుండా ఒప్పుకొన్నారు. 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. అన్నకు ఉత్తరం వ్రాసి తన స్వభావాన్ని తెలియజేయవలసి వచ్చింది. నలభై ఏళ్లు దగ్గర పడుతున్న తమ్ముని గురించి ఆ అన్నకు అదివరకు ఏమీ తెలియదు.

మార్చి 31న శిక్ష పడింది. జైలు తప్పాలంటే ఒక సంవత్సరం పాటు స్త్రీ హార్మోను చికిత్సకు అంగీకరించవలసి వచ్చింది. దానివలన శరీరం వికారం చెందిందే తప్ప మనసు మొగ్గు మారలేదు. ప్రభుత్వ రహస్య విభాగంలో సలహాదారు పని పోయింది. 1954 జూన్ 7న, నలభై రెండేళ్లు నిండకముందే, సైనైడు విషంతో మరణించారు. న్యాయవిచారణ దానిని ఆత్మహత్యగా నిర్ధారించగా, తల్లి మాత్రం ప్రమాదమనే నమ్మారు. యుద్ధంలో ఆయన చేసిన సేవ 1970ల వరకు లోకానికి తెలియనే లేదు.

2009లో బ్రిటిష్ ప్రధానమంత్రి క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించారు. 2021లో ఆయన బొమ్మతో 50 పౌన్ల నోటు వెలువడింది. పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాలేదు.

తండ్రి ఉద్యోగం చేసిన ఈ గడ్డపై కూడా ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను అమలులో ఉండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనులు పరస్పర సమ్మతితో ఏర్పరచుకునే సంబంధాన్ని నేరం కాదని తీర్పు చెప్పింది. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుండి తొలగించింది. దానిని మార్చే పేరిట జరిగే చికిత్సలను నిషేధించవలసిందిగా 2021లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది.

కొందరికి ఈ ఎరుక పది పన్నెండేళ్లకే కలుగుతుంది. కొందరికి కాలేజీ చదువు నాటికి. మరికొందరికి పెళ్లయి పిల్లలు పుట్టిన తరువాత. ఆలస్యంగా తెలిసినంత మాత్రాన అది అబద్ధం కాదు. తొందరగా తెలిసినంత మాత్రాన చిన్నతనపు చాపల్యమూ కాదు. బిడ్డ తనకై తాను వచ్చి చెప్పినప్పుడు, ఎవరు చెడగొట్టారని అడగవద్దు. మంత్రగాని వద్దకో, మందుల వద్దకో, పెళ్లిచూపులకో పరుగెత్తవద్దు. పక్కన కూర్చుండి పూర్తిగా వినండి. ట్యూరింగ్ అన్నగారికి ఆ మాట కోర్టు గుమ్మం ముందు తెలిసింది; మన బిడ్డల మాట మనకు ఇంట్లోనే, సకాలంలో తెలియాలి.