రెండు నిలువు గీతల మాస్టారు

కాళహస్తి బస్టాండు నుంచి 5 కిలోమీటర్ల దూరంలో బండి ఆగిపోయిందని ఫ్రెండు ఫోన్ చేస్తే, మనం ముందు అడిగేది తిరుపతి వైపా, నాయుడుపేట వైపా అనే కదా! దూరం ఒకటే, చోట్లు రెండు. ఒక సంఖ్యలోంచి 3 తీసేసి, వచ్చినదాన్ని రెండు నిలువు గీతల మధ్య పెట్టి, 5కి సమానం అన్నా అంతే. 3 నుంచి అటు 5 జరిగితే 8, ఇటు జరిగితే −2. ఇంటర్లో 8 ఒక్కటే రాసి మార్కు పోగొట్టుకున్నవాణ్ని నేను. ఆ కోపంతోనే ఈ గీతలు గీసిందెవరా అని వెతికా.

ఆయన పేరు కార్ల్ వైర్‌స్ట్రాస్. 1815లో జర్మనీలో పుట్టాడు. కొడుకు పెద్ద ప్రభుత్వోద్యోగి కావాలని నాన్న పట్టుబట్టి బాన్ యూనివర్సిటీలో లా చదవమని పంపాడు. (ఈ కథ మనకేం కొత్త కాదు.) ఈయనకేమో లెక్కల పిచ్చి. లా క్లాసులు ఎగ్గొట్టి, కత్తిసాము చేసి, బీరు తాగి, నాలుగేళ్ల తర్వాత డిగ్రీ లేకుండా ఇంటికొచ్చాడు. ఇంట్లో ఏం జరిగుంటుందో ఊహించుకోండి.

చివరికి బడిపంతులు అవడానికి మ్యూన్‌స్టర్‌లో చేరాడు. అక్కడ గూడెర్మన్ అనే గురువు ఆయనలోని గణితాన్ని గుర్తుపట్టాడు. 1841లో రాసిన ఒక వ్యాసంలో పరమ మూల్యానికి ఈ రెండు గీతలు వాడాడు. ఆ వ్యాసం అచ్చయింది మాత్రం 1894లో! అంటే 53 ఏళ్లు కాగితాల్లోనే ఉండిపోయింది.

1842 నుంచి చిన్న ఊళ్లలో బడిపంతులు పనే. లెక్కలతో పాటు చేతిరాత, వ్యాయామం కూడా నేర్పాలి. లైబ్రరీ లేదు, మాట్లాడుకోడానికి ఇంకో గణితజ్ఞుడు లేడు. పగలు పిల్లలు, రాత్రి పరిశోధన. 1850 ప్రాంతం నుంచి తల తిరిగే జబ్బు పట్టుకుంది. 1854లో ఒకే ఒక్క వ్యాసం పేరున్న పత్రికలో వచ్చింది, అంతే, యూరప్ తిరిగి చూసింది. డిగ్రీ లేని ఆ మనిషికి కోనిగ్స్‌బర్గ్ యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1856లో బెర్లిన్ వెళ్లాడు. ఆరోగ్యం దెబ్బతిన్నాక కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఒక స్టూడెంట్ బోర్డు మీద రాసేవాడు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. 1870లో సోఫియా కొవలెవ్‌స్కాయా అనే రష్యన్ అమ్మాయి చదువు కోసం వస్తే, ఆడపిల్లని యూనివర్సిటీ క్లాసులోకి రానివ్వలేదు. ఈయన నాలుగేళ్లు విడిగా పాఠం చెప్పాడు. 1874లో ఆమెకు గోటింగెన్ డాక్టరేట్ వచ్చింది. 1891లో ఆమె చనిపోయాక, ఆమె రాసిన ఉత్తరాలన్నీ కాల్చేశాడట.

1897 ఫిబ్రవరి 19న, 81 ఏళ్ల వయసులో బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆ 1841 వ్యాసాన్ని అచ్చులో చూసుకుని అప్పటికి మూడేళ్లు.